ఏడాదిలోపు తీర్చవలసినవి

గాబ్రొవో వాళ్ళ పిసినారితనం మీద
బల్గేరియా అంతా కథలు చెప్పుకుంటుంది.
పిల్లి గడప దాటేలోగా
గదిలో వెచ్చదనం బయటికి పోతుందని
తోకలు కత్తిరించారట.
ఆ ఊళ్ళో
అప్పులు లెక్కపెట్టడం నా ఉద్యోగం.

మూడు నెలలకోసారి
ఫ్యాక్టరీలన్నీ ఫారాలు నింపి పంపుతాయి.
నలభై ఒకటో గడి నాది:
ఏడాదిలోపు తీర్చవలసినవి.
ఉన్నికి, రంగుకి, కరెంటుకి,
బ్యాంకు దగ్గర మొన్న తీసుకున్న చేబదులుకి,
పన్నుకి,
ఇంకా జీతాలకి.

జీతాలు ఆ గడిలో ఎందుకని
చేరిన కొత్తలో అడిగాను.
పెన్యో స్తానెవ్ కళ్ళజోడు తుడుచుకుంటూ
"ఈ పూట మగ్గం నడిపిన మనిషికి
డబ్బెప్పుడొస్తుంది?" అన్నాడు.
నెలాఖరుకి.
"మరి అప్పటిదాకా
ఫ్యాక్టరీకి ఉద్దెరిచ్చింది ఎవరమ్మా?"

ఇక అప్పట్నుంచీ
సాయంత్రం యాంత్రా నది వంతెన మీద
షిఫ్టు దిగి వచ్చే ఆడవాళ్ళను చూస్తే,
సంచుల్లోంచి ఉల్లికాడలు తొంగిచూస్తూ
జుట్టులో ఉన్ని నలుసులతో
నడిచొచ్చే బ్యాంకుల్లా కనిపిస్తారు.
వడ్డీ అడగరు.
అప్పిచ్చామని వాళ్ళకే తెలియదు.

అంకెకి మొహం ఉండదు.
బాకీ పెరిగిందంటే
ఆర్డర్లు ముంచుకొచ్చి
ఉన్ని రెట్టింపు తెప్పించారనీ కావచ్చు,
తెప్పించినదానికి కట్టలేక
మొహం చాటేస్తున్నారనీ కావచ్చు.
పరిగెత్తొచ్చిన ఒళ్ళూ వేడే
జ్వరమొచ్చిన ఒళ్ళూ వేడే.
నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని మాత్రమే,
వైద్యం నాది కాదు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో
నా గడిలో అంకె తగ్గింది.
ముందు నూలు మిల్లులో,
తర్వాత అద్దకం వాళ్ళ దగ్గర,
ఆపైన
క్రేన్ల కొక్కేలు పోతపోసే షెడ్డులో.
సోఫియా నుంచి ముసాయిదా వచ్చింది:
'రుణభారం తేలికపడింది, పరిస్థితి మెరుగు.'
పక్కన ఆకుపచ్చ బాణం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నాను,
గడువుకు ముందు ఒక్క స్తోతింకా కట్టిన
గాబ్రొవో మనిషిని చూడలేదు.

పొద్దున్నే నూలు మిల్లుకి ఫోన్ చేశాను.
లెక్కలు రాసే త్సోన్కా ఎత్తింది.
అంకె సరైనదేనా?
"సరైనదే."
ఎప్పుడూ ఆమె మాట వెనక
మగ్గాల చప్పుడు వినబడేది,
గట్టిగా అరిచి మాట్లాడేది.
ఇవాళ మామూలు గొంతుతో మాట్లాడుతోంది.
"స్లివెన్ వాళ్ళు
ముందు డబ్బు పెడితేనే ఉన్ని అంటున్నారు.
రంగులవాడు నోట్లు లెక్కపెట్టుకునేదాకా
డ్రమ్ము దించడు.
మాకు అప్పు లేదు, నెద్యాల్కా.
అప్పిచ్చేవాడు లేడు."

జీతాలు?
"సగంమందికి లెక్క తేల్చి పంపేశాం.
ఆ బాకీ కూడా లేదిప్పుడు."

ముసాయిదా అడుగున
చిన్న అక్షరాల్లో వివరణ రాశాను.
రెండు లైన్లు దాటకూడదని నియమం.
రెండే రాశాను.
అచ్చయిన ప్రతిలో
ఒక లైను మిగిలింది,
దేని గురించో తెలియకుండా.
బాణం మాత్రం పచ్చగానే ఉంది.

ఇంటికెళ్తూ
స్తోయ్నా రొట్టెల కొట్టు దగ్గర ఆగాను.
గోడకి మేకు, మేకుకి దారం,
దారానికి పాత ఖాతా పుస్తకం.
ఈ మధ్య ఎవరి పేరూ ఎక్కలేదేమో
పై అట్ట మీద పిండి పేరుకుంది.
నా పర్సులో డబ్బుంది.
అయినా
"రాసుకో" అన్నాను.

స్తోయ్నా ఒక క్షణం నా మొహంలోకి చూసింది.
పుస్తకం అట్ట ఎప్రాన్‌కేసి తుడిచి
పెన్సిలు కోసం
సొరుగులన్నీ వెతకడం మొదలుపెట్టింది.